నాలుగో నిమిషం, పన్నెండో సెకను

మార్చి 2, సోమవారం

మావయ్య ఇవాళ నాకో పని అప్పగించాడు. దాని గురించి రాసేముందు చేతులు కడుక్కుని వచ్చాను. పిచ్చి కాకపోతే ఏమిటి.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా జాజ్ బృందాల్లో డబుల్ బాస్ వాయిస్తున్నాడు. మనిషికన్నా ఎత్తుండే వాయిద్యం అది. ఎత్తు స్టూల్ మీద సగం కూర్చుని దాన్ని భుజానికి ఆనించుకుంటే, కళ్ళు తిరిగి పడబోతున్న చుట్టాన్నెవరినో ఆపుతున్నట్టు ఉంటుంది. జనం పియానో వైపు చూస్తారు, డ్రమ్ముల వైపు చూస్తారు. బాస్‌ని ఎవరూ చూడరు. అది ఆగిపోతే మాత్రం అందరూ తూలతారు. ఈ వాక్యం నాదే. దాచుకోవాలి.

మావయ్య నలభై మూడు ఆల్బమ్‌లలో వాయించాడు. అన్నిటిలోనూ తన పేరు అట్ట వెనక, భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిన సైజులో ఉంటుంది. ఇప్పుడు మొదటిసారి తన ట్యూన్లతో, తన పేరు మీద సొంత ఆల్బమ్. ఏడు ట్యూన్లు, నాలుగు రోజుల స్టూడియో. నేను లాగ్ రాయాలి. అంటే ప్రతి టేకులోనూ ఎప్పుడు ఏం వినిపించిందో పుస్తకంలో ఎక్కించాలి. పొడుగాటి రూళ్ళ పుస్తకం ఇచ్చాడు. అందులో తనే స్కేలు పెట్టి నాలుగు గడులు గీశాడు. టేక్, టైము, వినిపించింది, ఎవరిది.

ఒకటే నియమం అన్నాడు. "విన్నదే రాయాలి, నిఘంటువూ. బాగుందో లేదో నీ పని కాదు."

నిఘంటువు అంటే నేనే. ఎనిమిదో తరగతిలో ఎండాకాలం సెలవులన్నీ నిఘంటువు చదువుతూ కూర్చున్నాను. అప్పటినుంచీ అదే పేరు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, సాహిత్యం. పేరు ఇంకా వదల్లేదు.

అసలు సంగతి చివర్లో చెప్పాడు. ఆల్బమ్ కవర్ లోపలి మాట నేనే రాయాలట. ఒక పేజీ. కింద నా పేరు. అచ్చులో నా మొదటి మాటలు.

అక్కకి చెబితే మంచిదే అంది. తన పక్కకి తిరిగి పడుకుంది.

మార్చి 3

అక్క గురించి రాయకుండా ఉండలేను. తను పన్నెండేళ్ళప్పటినుంచి మావయ్య దగ్గర బాస్ నేర్చుకుంది. తొమ్మిదేళ్ళు. మూడేళ్ళ కింద ఒక రిహార్సల్లో అందరి ముందూ మావయ్య అన్నాడట, నువ్వు వాయిస్తుంటే కళ్ళు మూసుకుంటే నేనే వాయిస్తున్నట్టుంది, నకలెందుకు, అసలు ఇంకా బతికే ఉందిగా అని. అందరూ నవ్వారట. అక్క కూడా నవ్విందట. ఇంటికొచ్చి బాస్‌కి కవరు తొడిగింది. మళ్ళీ తీయలేదు. కళ్ళద్దాల షాపులో చేరింది. వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివిస్తుంది.

ఆ బాస్ మా గది మూలలో నిలబడి ఉంటుంది. ఎవరూ కూర్చోమనని అతిథిలాగ. మేం దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకుంటాం.

మార్చి 5, గురువారం. మధ్యాహ్నం 1

స్టూడియో. భోజనాల విరామంలో రాస్తున్నాను.

గోడలకి బూడిదరంగు స్పాంజి. మధ్యలో పెద్ద హాలు, అందులో పియానో ఆవిడ, డ్రమ్ములాయన. మావయ్య మాత్రం పక్కనున్న చిన్న గాజు గదిలో ఒక్కడే. దాన్ని బూత్ అంటారు. బాస్ శబ్దం పియానో మైకులోకి, పియానో శబ్దం బాస్ మైకులోకి పోకుండా. అందరూ హెడ్‌ఫోన్స్‌లో ఒకరినొకరు వింటూ ఒకేసారి వాయిస్తారు. చేపల తొట్టిలో ఉన్నావు, మేత వేయమంటావా అని డ్రమ్ములాయన మైకులో అడిగాడు. మావయ్య నోరు తెరిచి మూసి చేపలా చూపించాడు.

ఇవతలి గదిలో నేనూ, సౌండ్ ఇంజనీరూ. ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. గంటకో మాట మాట్లాడతాడు, అదీ అంకె. "మూడో టేక్." "నాలుగో టేక్."

నేను అన్నీ రాస్తున్నాను. డ్రమ్ములాయన దగ్గు. పియానో ఆవిడ పెడల్ చప్పుడు. మావయ్య వాచీ గొలుసు బాస్ చెక్కకి తగలడం. డ్రమ్ములాయన నా పుస్తకం చూసి, ఈ అమ్మాయి పెద్దయితే పోలీసు అవుతుంది, ఇంట్లో జాగ్రత్త అన్నాడు.

ఇవాళ్టి మాట: మంద్రం. కింది స్థాయి స్వరం. బాస్ అంతా మంద్రమే. పలికితే ఛాతీలో తెలుస్తుంది.

మార్చి 6

టేకులు చాలా అవుతున్నాయి. రెండో ట్యూనుకి పద్నాలుగు. పెద్ద కళాకారులు అంతేనేమో.

మార్చి 9, సోమవారం. సాయంత్రం

చివరి రోజు.

నాలుగో ట్యూను మిగిలిపోయింది. నెమ్మదిగా నడిచేది, మావయ్య పదిహేనేళ్ళుగా మార్చి మార్చి రాసుకున్నది. ఎనిమిది టేకులు మధ్యలోనే ఆగిపోయాయి. ఎవరూ జోకులేయడం లేదు. తొమ్మిదోది మొదలైంది. పియానో తప్పుకుని బాస్‌కి దారి ఇచ్చింది. మావయ్య కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. నాలుగో నిమిషం పదో సెకనుకి స్టూల్ కిర్రుమంది. అయ్యో, దీన్నీ ఆపేస్తారు అనుకున్నాను. పన్నెండో సెకనుకి మావయ్య గొంతులోంచి ఒక కూనిరాగం. ఒక్క స్వరం, సాగదీసి, మూడు సెకన్లు. తను పాడుతున్నట్టు తనకే తెలియనట్టుంది. ఆగలేదు. చివరిదాకా వెళ్ళారు.

నేను ఏడ్చాను. కన్నీళ్ళు లాగ్ పుస్తకం మీద పడకుండా వెనక్కి జరిగాను. లాగ్‌లో ఇలా ఉంది. టేక్ 9. 4:10 స్టూల్ కిర్రు, మావయ్య. 4:12 కూనిరాగం, మావయ్య.

చెవులాయన స్క్రీన్ వైపే చూస్తున్నాడు. ఎలా ఉంది అని అడిగాను. సమాధానంగా నా పుస్తకం అందుకుని ఆ పేజీ చదివి తిరిగిచ్చేశాడు. పుస్తకం మీద చెయ్యి ఒక క్షణం ఎక్కువ ఉంచాడు.

మావయ్య బూత్‌లోంచి ఎడమ చెయ్యి చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఏసీ చలి అన్నాడు.

మార్చి 12, గురువారం

కవర్ మాట పూర్తయింది. పదకొండు సార్లు తిరగరాశాను. అందులో నాకు నచ్చిన ముక్క ఇక్కడ కూడా ఉంచుకుంటాను.

'ఈ ఆల్బమ్‌లో కోత లేదు, అతుకు లేదు. ముగ్గురు మనుషులు ఒకేసారి ఊపిరి తీసుకుని ఒకేసారి వదిలారు. నాలుగో ట్యూనులో నాలుగో నిమిషం పన్నెండో సెకను దగ్గర మీకొక కూనిరాగం వినిపిస్తుంది. అది తప్పు. వాయించే మనిషి తనని తాను మరిచిపోయినప్పుడు దొర్లిన తప్పు. దాన్ని అలాగే ఉంచారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల వెనక నిలబడిన చేతులు ముందుకొస్తే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.'

మావయ్య ఇంటికెళ్ళి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. కుండీలకి నీళ్ళు పోసినట్టు చప్పుడైంది. పొద్దున్నే పోసిన కుండీలు, మట్టి ఇంకా తడిగానే ఉంది. సంతోషాన్ని దాచుకునే మనుషులు ఇలాగే చేస్తారనుకుంటా. లోపలికొచ్చి నా తల నిమిరాడు. ఒక్క అక్షరం మార్చొద్దన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో కూర్చోలేకపోయాను. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను.

మార్చి 17

బాస్ మీద తువ్వాళ్ళు లేవు. మడతపెట్టి కుర్చీలో ఉన్నాయి. అమ్మ సర్దిందేమో.

మార్చి 22, ఆదివారం

అక్క పొద్దున్న ఎనిమిదికే వెళ్ళింది. షాపులో స్టాకు లెక్క చూడాలట. ఆదివారం కూడానా అంటే కళ్ళజోళ్ళకి వారాలు తెలియవు అంది. సాయంత్రం ఆరున్నరకి వచ్చి, అన్నం వద్దని, చేతులు దిండు కింద పెట్టుకుని పడుకుంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

నాకు అసైన్‌మెంట్ ఉంది. ఇవాళ్టి మాట: ఆర్ద్రం.

మార్చి 23

అక్క కుడిచేతి చూపుడు వేలికి, మధ్య వేలికి ప్లాస్టర్లు. ఇస్త్రీపెట్టె తగిలిందట. వేళ్ళ కొసలు మాత్రమే చూసి కాల్చే తెలివైన ఇస్త్రీపెట్టె మనింట్లో ఎప్పటినుంచి ఉందే అని అడిగాను. నువ్వు నీ మాటలు చూసుకో, నా వేళ్ళు నేను చూసుకుంటాను అంది. నవ్వుతూనే అంది.

మావయ్యకి ఫోన్ చేశాను. నిన్నంతా ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నానన్నాడు.

ఏప్రిల్ 2, గురువారం. రాత్రి 7

ఫైనల్ మిక్స్ వచ్చింది. కవర్ మాటలో రాసిన టైములు సరిపోయాయో లేదో చూడమని చెవులాయన పంపాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏడు ట్యూన్లూ వరసగా విన్నాను. ఎంత బాగుందో రాయడానికి ఇవాళ నా దగ్గర మాట లేదు. బాస్ మరీనూ. స్టూడియోలో విన్నదానికన్నా నిటారుగా, తేటగా. మిక్సింగ్ అంటే ఇంత మహిమ ఉంటుందని తెలియదు.

నాలుగో ట్యూను. నాలుగో నిమిషం పన్నెండో సెకను. కూనిరాగం ఉంది. టైము సరిగ్గా ఉంది. చప్పట్లు కొట్టాను.

తర్వాత గుర్తొచ్చింది. స్టూల్ ఏది?

ఏప్రిల్ 3

స్టూల్ చప్పుడు తీసేశారా అని చెవులాయనకి ఫోన్ చేశాను. శుభ్రం చేశాం అన్నాడు. పక్కనే ఉన్న కూనిరాగం చెక్కుచెదరకుండా స్టూల్ ఒక్కటే ఎలా తీస్తారు అన్నాను. పనుందని పెట్టేశాడు.

ఇక ఊరుకోలేకపోయాను. కాలేజీ మానేసి లాగ్ పక్కన పెట్టుకుని ఏడు ట్యూన్లూ మళ్ళీ విన్నాను. మూడో ట్యూనులో డ్రమ్ములాయన దగ్గు నేను రాసిన సెకను దగ్గరే ఉంది. ఐదో ట్యూనులో పియానో పెడల్ ఉంది. మావయ్య వాచీ గొలుసు చెక్కకి తగిలిన చప్పుడు లాగ్‌లో ఆరుచోట్ల రాశాను. ఒక్కటీ లేదు. మావయ్య ముక్కుతో గట్టిగా గాలి పీల్చడం నాలుగుచోట్ల. ఒక్కటీ లేదు.

ఆ గాజు గదిలో వినిపించినవేవీ ఆల్బమ్‌లో లేవు. కూనిరాగం తప్ప.

ఏప్రిల్ 4, శనివారం

పదకొండింటికి స్టూడియోకి వెళ్ళాను. కవర్ ప్రూఫ్ తీసుకోవాలన్నది సాకు. చెవులాయన ప్రూఫ్ నా చేతికిచ్చి, ఎవరో పిలిస్తే బయటికెళ్ళాడు. స్క్రీన్ మీద నాలుగో ట్యూను తెరిచే ఉంది. ఒకదాని కింద ఒకటి రంగు రంగుల పట్టీలు. ప్రతి పట్టీకి పక్కన పేరు, రికార్డు చేసిన తేదీ. నేనేమీ ముట్టుకోలేదు. చదివాను, అంతే. చదవడం ఒక్కటే నాకు వచ్చిన పని.

పియానో, 9. డ్రమ్స్, 9. బాస్, 22.

అన్నిటికన్నా కింద ఒక సన్నటి పట్టీ. మొత్తం ఖాళీ. ఒక్కచోట మాత్రం గోరంత మచ్చ. హమ్, 24. అంటే కూనిరాగం.

చెవులాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. బాస్ ఎవరు వాయించారు అని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చుని స్క్రీన్ ఆర్పేశాడు. అప్పుడు అన్నాడు, అంకె కాని మాట. "నేను కత్తెర లాంటివాణ్ణమ్మా. గుడ్డ ఎవరిదో అడగను. మీ ఇంట్లోనే అడుగు."

అదే రోజు, మధ్యాహ్నం 2

ఈ డైరీ వెనక్కి తిప్పాను. 22, ఆదివారం. 23, ప్లాస్టర్లు. 17, తువ్వాళ్ళు.

అన్నీ నేనే రాశాను. నా చేతిరాతే. ఒక్కటీ చదవలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

అమ్మ కూరగాయలకి వెళ్ళగానే అక్కని అడిగాను. దాచలేదు. దాచడం వల్ల అలిసిపోయినట్టుంది, గబగబా చెప్పేసింది.

మావయ్య ఎడమచేతి చివరి రెండు వేళ్ళు ఏడాదిగా మాట వినడం లేదట. డాక్టరు ఇంతే అన్నాడట. ఆ నాలుగు రోజులు వాయించింది వినలేని స్థితిలో ఉందట. మావయ్య అక్క షాపుకి వెళ్ళి, కళ్ళు పరీక్ష చేయించుకునే కుర్చీలో కూర్చున్నాడట. మావయ్య కళ్ళకి అక్క పరీక్ష అద్దాల ఫ్రేమ్ పెట్టింది. గోడ మీది అక్షరాలు చదవమంది. మావయ్య అక్షరాలు చదవలేదు. నా బదులు వాయిస్తావా అని అడిగాడు. ఫ్రేమ్ ఇంకా ముఖం మీదే ఉంది. అందులోంచి ఒక కన్ను పెద్దగా, ఒకటి చిన్నగా కనిపించిందట. అక్క ఇది చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్క వేళ్ళు మూడేళ్ళలో మెత్తబడిపోయాయి. కాయలు పోయాయి. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఐదు రోజులు సాధన చేసి, ఒక్క రోజులో ఏడు ట్యూన్లూ వాయించింది. నాలుగో ట్యూనుకి బొబ్బలు చిట్లాయి. మావయ్య అద్దం ఇవతల నా కుర్చీలో కూర్చున్నాడట.

నీ పేరు ఎక్కడ మరి అన్నాను. వద్దని తనే అందట. మూడేళ్ళ కింద నకలన్నాడు, ఇప్పుడు ఆ నకలే కావాలన్నాడు, కాదనడానికి నోరు రాలేదు, ఔననడానికి సిగ్గేసింది, అందుకే పేరు వద్దన్నాను అంది.

ఇద్దరం ఒకే గదిలో పడుకుంటాం. ఒకే దువ్వెన. నాకెందుకు చెప్పలేదు అన్నాను. నీకేం చెప్పినా కాగితం ఎక్కుతుంది కదే అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. నా చేత అబద్ధం రాయించారు మీరిద్దరూ అన్నాను. నేను నిజం విన్నాను, నిజం రాశాను అన్నాను. పెద్ద పెద్ద మాటలు ఇంకా ఏవో అన్నాను.

అక్క తువ్వాలు మడతపెడుతూ, గొంతు పెంచకుండా, ఒక్కటే అడిగింది. "నాలుగు రోజులు అద్దం ఇవతల కూర్చున్నావు కదా. వాడిపోయిన చెయ్యి వాయిస్తుంటే నీకు తెలియలేదా? అసలు నువ్వేం విన్నావే?"

ఏప్రిల్ 6, సోమవారం

మావయ్య ఇంటికి వెళ్ళాను. లాగ్ పుస్తకం సంచిలో ఉంది. నా ముఖం చూడగానే తెలిసిపోయింది మావయ్యకి. కూర్చో అనలేదు. నేనూ కూర్చోలేదు.

కూనిరాగం సంగతి ముందు అడిగాను. ఎందుకో అదే ఎక్కువ మండింది. మావయ్య చెప్పాడు. బాస్ మార్చాక పాత టేకుతో పాటు కూనిరాగం కూడా పోయింది. నా కవర్ మాటలో అది ఉంది. ఆ వాక్యం తీసేయమంటే నేను ఎందుకని అడుగుతాను. అందుకని 24న మళ్ళీ ఆ గాజు గదిలోకి వెళ్ళి, బాస్ లేకుండా, మైకు ముందు నిలబడి పాడాడట. మూడు సెకన్లు. పదకొండు టేకులు.

"ఆ రోజు అవసరం కొద్దీ వచ్చింది. ఊరికే రమ్మంటే రాలేదు" అన్నాడు.

నా వాక్యం కోసం అబద్ధం ఆడావా అన్నాను. నీ వాక్యం బాగుంది కదా అన్నాడు. నన్ను బుజ్జగించడానికి అన్నట్టు లేదు. నిజంగానే అన్నాడు. అది ఇంకా ఘోరం.

రెండు అడిగాను. బాస్ దగ్గర అక్క పేరు వేయాలి. లేదంటే నా పేజీ తీసేయాలి. అక్క వద్దందిగా అన్నాడు. పేజీ అంటావా, కవర్లు శుక్రవారమే అచ్చుకి వెళ్ళాయి అన్నాడు. ప్రూఫ్ నా చేతికొచ్చింది శనివారం. నేను దాన్ని ఎర్ర పెన్నుతో మూడుసార్లు దిద్దాను. ఒక కామా దగ్గర అరగంట ఆలోచించాను. అప్పటికే అచ్చయిపోయిన కామా.

విన్నదే రాయాలన్నావు కదా మావయ్యా అన్నాను. సంచిలోంచి లాగ్ పుస్తకం తీశాను.

మావయ్య ఎడమ చెయ్యి చంకలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏసీ లేదు అక్కడ. తర్వాత, ఆ తొమ్మిదో టేకు పేజీ ఒకసారి చదువు, వింటాను అన్నాడు.

చదవలేదు. వచ్చేశాను.

ఏప్రిల్ 9

తువ్వాళ్ళు మళ్ళీ బాస్ మీదకి వచ్చాయి. అక్కా నేనూ అమ్మ ద్వారా మాట్లాడుకుంటున్నాం. దువ్వెన కావాలని చెప్పమ్మా. అక్కడే ఉందని చెప్పమ్మా. మీ ఇద్దరికీ నేనేమైనా పోస్టాఫీసునా అంటోంది అమ్మ.

ఏప్రిల్ 13

ఇవాళ్టి మాట: లేదు.

ఏప్రిల్ 18, శనివారం

సీడీలు వచ్చాయి. అమ్మ పది తెచ్చింది. కవర్ మీద మావయ్య ఫోటో, బాస్‌ని కౌగలించుకుని. కుడిచెయ్యే కనబడుతోంది. లోపల నా పేజీ. బాస్ అన్న మాట ఎదురుగా మావయ్య పేరు. పేజీ కింద నా పేరు, నేను అడిగిన అక్షరాల్లోనే.

అమ్మ పక్కింటివాళ్ళని పిలిచి నా పేజీ పైకి చదివింది. కోత లేదు, అతుకు లేదు దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్ళీ చదివింది. మా తమ్ముడి చేతులు, నా కూతురి మాటలు అంది. అక్క వాళ్ళకి టీ ఇస్తోంది. ట్రే పట్టుకున్న చేతివేళ్ళ కొసల్లో కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. నేను చూశాను. నేను చూడటం తను చూసింది.

అప్పుడు చెప్పేయొచ్చు. నోరు తెరిచాను కూడా. అమ్మ, ఏమిటే అంది. చక్కెర తక్కువైంది అన్నాను.

ఇప్పుడు ఈ అబద్ధంలో ముగ్గురం.

ఏప్రిల్ 20

మా లెక్చరర్ క్లాసులో నా పేజీ చదివారు. ఇందులో విశేషం నిజాయితీ అన్నారు. రాసేవాళ్ళకి ముందు చెవి ఉండాలి, ఈ అమ్మాయికి చెవి ఉంది అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. డెస్కు మీద ఎవరో చెక్కిన బాణం గుర్తుని చూస్తూ కూర్చున్నాను. గంట కొట్టేదాకా.

ఏప్రిల్ 24, శుక్రవారం. సాయంత్రం

చెవులాయన ఒక ఫైలు పంపాడు. మెసేజ్ లేదు. పేరు మాత్రం ఉంది: బాస్, 9. అంటే పియానో లేకుండా, డ్రమ్ములు లేకుండా, ఆ రోజు గాజు గదిలో వినిపించింది ఒక్కటే. తీసి పారేసిన తొమ్మిదో టేకు.

ఒక గంట తెరవలేదు. తర్వాత లాగ్ పుస్తకం ముందు పెట్టుకుని విన్నాను. ఈసారి పదాలు వెతుక్కోకుండా విన్నాను.

అక్క అడిగింది న్యాయమే. తెలిసిపోతోంది. మొదటి నిమిషంలోనే తెలిసిపోతోంది. స్వరాలు ఉండాల్సిన చోటుకి కొంచెం ఇటు, కొంచెం అటు పడుతున్నాయి. తీగ సగం నొక్కినప్పుడు వచ్చే గరగర. ఆ మధ్యలో మావయ్య ముక్కుతో పీల్చే గాలి. దాన్ని నేను ఆ రోజు తన్మయత్వం అనుకున్నాను. నొప్పి అది. వాచీ గొలుసు చప్పుడు కూడా అంతే. వేలు అందనప్పుడల్లా చెయ్యి మొత్తం జరపాల్సొచ్చింది. అందుకే గొలుసు చెక్కకి కొట్టుకుంది.

4:10. స్టూల్ కిర్రు. వేలు అందక మనిషే ముందుకి వంగాడు.

4:12. కూనిరాగం.

నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. కూనిరాగం కింద బాస్ లేదు. ఆ మూడు సెకన్లు తీగ పలకలేదు. చిటికెన వేలు నొక్కాల్సిన స్వరం అది, నొక్కలేకపోయింది. ఆ స్వరాన్ని మావయ్య గొంతుతో పెట్టాడు, ఖాళీ పోకుండా.

మరిచిపోవడం కాదు. ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు మావయ్య. నేను వెయ్యి కాపీల్లో తనని తాను మరిచిపోయాడని రాశాను. బాల్కనీలోకి వెళ్ళి, తడి కుండీలకి మళ్ళీ నీళ్ళు పోశాడే తప్ప, కాదని ఒక్క మాట అనలేదు.

నన్ను మోసం చేశారు. ఆ మాట కొట్టేయను. నా కామా దగ్గరి అరగంట నాకెవరూ తిరిగివ్వరు. కానీ మార్చి 9న, అందరికన్నా ముందు, నేనే.

వాక్యం పూర్తి కావడం లేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

లాగ్. అచ్చయిన కాపీ. నాలుగో ట్యూను.

4:10. చప్పుడేమీ లేదు.

4:12. బాస్, చిటికెన వేలి స్వరం, నిండుగా. అక్కది.

4:12. కూనిరాగం, అదే స్వరం. మావయ్యది. అక్కడ దానికి పని లేదు. ఉంది.

విన్నదే రాశాను.